కొమొడో ఉడుమును చూచుట ఎట్లు?

ఉడుంపట్టు అన్న మాట తెలుగునాట ఎరుగనివారు లేరు. ఉడుమును పట్టినవారు ఆ మాట పుట్టించి ఉందురు గాని, తీరికగా కూర్చుండి దాని నడవడిని చూచినవారు మనలో అరుదు. ఉడుములన్నిటిలోను పెద్దదైన కొమొడో ఉడుమును గూర్చి చదువుచుండగా, అసలు చూచుట అంటే ఏమిటన్న సందేహము మాకు కలిగినది.

ఇండోనీషియాలోని కొమొడో, రింకా మొదలైన కొద్ది దీవులలోను, ఫ్లోరెస్ దీవిలోను తప్ప ఈ ప్రాణి మరెక్కడా స్వేచ్ఛగా తిరుగదు. పది అడుగుల వరకు పెరుగుతుంది. యాత్రికుల వేడుక కొరకు అక్కడ చాలా ఏండ్లు మేకను కోసి వేసేవారు. ఉడుములు మూగేవి, వచ్చినవారు ఫొటోలు తీసుకొని పడవ ఎక్కేవారు. 1990ల నడుమ ఆ పద్ధతి మాన్పించినారు. మంచి పని. మేత వేళకు అలవాటుపడిన మృగమునకును, గింజలకై పరుగెత్తివచ్చే పెరటి కోడికిని భేదమేమి?

అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఆఫెన్‌బర్గ్ 1969లో కుటుంబసమేతముగా వెళ్లి ఆ దీవిలో దాదాపు ఏడాది నివసించినాడు. పట్టి గుర్తులు వేయుటకు ఆయన కూడ బోనులలో ఎర పెట్టినాడు, కాదనము. అయినను పిల్ల ఉడుములు పెద్దవాటి నోట పడకుండ చెట్లపై కాలము గడుపుట, పెద్దవి పొదచాటున కదలక మెదలక జింక కొరకు కాచియుండుట వంటివి ఆయన అక్కడ నిలిచి చూచినవే. 1981లో గ్రంథము వెలువరించినాడు. కాటు తిన్న జంతువు చచ్చుటకు ఉడుము నోటిలోని సూక్ష్మజీవులు కారణమని ఆయన తలచినాడు. 2009లో ఆస్ట్రేలియా పరిశోధకుల బృందము దాని దవడలో విషగ్రంథులున్నవని చూపినది. అంతకాలము కనిపెట్టుకొని ఉన్నవానికే ఇంత మిగిలిపోయినప్పుడు, గంటసేపు నిలిచినవారు చూచినదెంత?

తరతరాలుగా చూచుచున్నవారు మాత్రము కొమొడో గ్రామస్థులు. వారు దానిని ‘ఓరా’ అందురు. ఒక రాకుమారికి కవలలు పుట్టిరనియు, ఒకరు మనిషి, ఒకరు ఓరా అనియు వారి కథ. పెరిగిన కొడుకు అడవిలో ఓరాపై బల్లెము ఎత్తగా, అది నీ తోబుట్టువని తల్లి వారించినదట. కథే కావచ్చును, ఆ బల్లెము దించిన ఊరు నేటికిని ఓరాల నడుమనే ఉన్నది.

అటువంటివారిని తరలించి, దీవిని ఏడాదిపాటు మూయవలెనని 2019లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వము తలపెట్టినది. అదే ఏడు ఆ ఆలోచన విరమించినారు. సంతోషమే గాని, అసలు ఆ తలపు ఎట్లు పుట్టినదన్నదే మా ప్రశ్న. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఈ ప్రాణిని ప్రమాదస్థితి జాబితాకు ఎక్కించినప్పుడు చెప్పిన ముఖ్యకారణము భూతాపము, పొంగుచున్న సముద్రము. రాబోవు 45 ఏండ్లలో దాని నివాసయోగ్యమైన నేల కనీసము 30 శాతము తగ్గవచ్చునట. ఆ సముద్రమును పొంగించినవి కొమొడో జాలరుల పడవలు కావు. ఇకమీదట ఆ దీవిని గూర్చి ఏ నిర్ణయము చేసినను, ముందుగా ఆ ఊరివారిని కూర్చుండబెట్టి అడుగవలెనని మా అభిప్రాయము.