ఓజోన్ పాఠంలో మిగిలిన సగం



సెప్టెంబరు 16 ఓజోన్ దినోత్సవం. ఈ నెల మీ ఇంట్లో కూడా చార్టు మీద భూమి బొమ్మ, దాని పైన ఓ గొడుగు గీసే ఉంటారు. బొమ్మ బాగుంటుంది. కానీ అది సగం పాఠమే.

ఆ సగం గొప్పదే. ఫ్రిజ్‌లు, ఏసీలు, స్ప్రే డబ్బాల్లో అప్పట్లో వాడిన సీఎఫ్‌సీలు పైకి చేరి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో మోలినా, రోలాండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు హెచ్చరించారు. అంటార్కిటికా మీద ఆ పొర బాగా పలచబడిందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. నేడు ప్రపంచ దేశాలన్నీ అందులో ఉన్నాయి. పొర నెమ్మదిగా కోలుకుంటోంది.

మిగతా సగం నేల మీద ఉంది. పైన మనల్ని కాపాడే ఓజోన్, పీల్చే గాలిలో ఉంటే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఇది సైలెన్సర్ నుంచి నేరుగా రాదు. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిరి వంటివి ఎండలో కలిసినప్పుడు తయారవుతుంది. అందుకే మధ్యాహ్నం ఎక్కువగా ఉంటుంది. కంటికి కనిపించదు, మామూలు మాస్కు ఆపలేదు. ఆస్తమా ఉన్న పిల్లలకు, ఎండలో పరుగెత్తే పిల్లలకు ఇబ్బంది ఎక్కువ.

ఇంకో సంగతి. ఉదయం మన గేటు దగ్గర వదిలిన పొగ అక్కడికక్కడే ఓజోన్‌గా మారదు. గాలితో పాటు కదిలి, కొన్ని గంటల తర్వాత ఊరి చివర ఎక్కడో మారవచ్చు. అక్కడా బడి ఉంటుంది, పిల్లలుంటారు.

కాబట్టి రెండు మాటలు. మొదటిది మీకు: పిల్లల కోసం ఎదురుచూసేటప్పుడు ఇంజన్ ఆపండి. ఏసీ లేకపోతే ఉక్కపోస్తుందంటారు, నిజమే. చెట్టు నీడన ఆపి, అద్దాలు దించుకుంటే ఆ పది నిమిషాలు గడిచిపోతాయి. రెండోది స్కూలుకు: మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆటలు ఉదయమే పెట్టాలి. స్టడీ అవర్ల కోసం వాటిని మిట్టమధ్యాహ్నానికి నెట్టకూడదు. తప్పనిసరైతే గాలి నాణ్యత సూచీ చూసి పంపాలి. ఆ సూచీ లెక్కలో ఓజోన్ కూడా ఉంటుంది.

పరీక్షలో ఓజోన్‌కు ఒక మార్కు రావచ్చు, రాకపోవచ్చు. రేపు గేటు దగ్గర బండి తాళం తిప్పినప్పుడు, ఎందుకు ఆపారో మీ పాపకో బాబుకో చెప్పండి. ఆ పాఠం గుర్తుంటుంది.

– సైన్స్ విభాగం