ఒకే ఎత్తిపోతల... ఎన్నో లెక్కలు
ఓటరు మనసు తెలుసుకోవడానికి మక్తలే పాఠం

మక్తల్: ఓటరు గుర్తును చూస్తాడా, మనిషిని చూస్తాడా? రాజకీయ నిర్ణయాల వెనుక మనస్తత్వంపై పరిశోధనకు పూనుకునే విద్యార్థికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. 2014లో ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచిన చిట్టెం రామ్మోహన్‌రెడ్డి తెరాసలో చేరి 2018లో కారు గుర్తుపైనా విజయం సాధించారు. 2023లో అదే గుర్తుపై భారాస అభ్యర్థిగా నిలిచి కాంగ్రెస్ అభ్యర్థి వాకిటి శ్రీహరి చేతిలో ఓడిపోయారు. మనిషే ముఖ్యమని ఒక ఫలితం చెప్పగా, మనిషి ఒక్కడే చాలడని మరొకటి తేల్చింది. ఓటరు లెక్క ఫలితాల పట్టికలో పూర్తిగా దొరకదు.

ఆటస్థలాల తగవు
అమెరికాలో హెర్బర్ట్ సైమన్ విద్యార్థిగా ఉండగా 1935లో మిల్వాకీ నగర ఆటస్థలాల నిర్వహణను పరిశీలించారు. ఉన్న నిధులను పిల్లలను ఆడించే సిబ్బందికి వెచ్చించాలని విద్యామండలి, స్థలాల నిర్వహణకు వెచ్చించాలని ప్రజాపనుల శాఖ పట్టుబట్టాయి. ఎవరి బాధ్యత వారికే పెద్దగా కనిపించింది. మనిషి అన్ని లాభనష్టాలనూ తూచలేడని, తనకు తెలిసినంతలో సరిపోతుందనిపించిన దానిని ఎంచుకుంటాడని సైమన్ తరువాత సిద్ధాంతీకరించారు. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఎవరి చేను వారికి
మక్తల్–నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతల పథకానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. లక్ష ఎకరాలకు సాగునీరు దీని లక్ష్యం. ఆయకట్టులోకి వచ్చే రైతుకు ఇది కృష్ణా జలం. భూమి కోల్పోయే రైతుకు పరిహారం కోసం పోరాటం. సెంటు భూమి లేని వలస కూలీకి, ఊళ్లోనే పని దొరుకుతుందా అన్న ప్రశ్న.

అంతే విలువైన లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం కలిగించే బాధ ఎక్కువని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. అందువల్ల భూమి ఇవ్వనన్న రైతును అభివృద్ధి నిరోధకుడని ముద్ర వేయడం తగదు. తాతల నాటి చేను పోతుందన్న దిగులు పరిహారం లెక్కలో కనిపించదు.

అడగవలసిన ప్రశ్న
ఓటు ఎవరికి వేశారన్నది రహస్యం. ఏం పోతుందని భయపడ్డారు, ఏం వస్తుందని ఆశించారు అన్నవే పరిశోధకుడు అడగవలసిన ప్రశ్నలు. ఆ ప్రశ్నలనే భూసేకరణ నోటీసుకు ముందు ప్రభుత్వం అడిగితే, రైతు తన జవాబును పోలింగ్ దాకా దాచుకోవలసిన అవసరం ఉండదు.