మైదానానికి పేరు మారితే

పెళ్లయ్యాక ఇంటిపేరు మారడం మనకి కొత్తేం కాదు. డిగ్రీ సర్టిఫికెట్లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. పుట్టింటి వీధిలో మాత్రం పాత పిలుపే! హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం కథా ఇలాంటిదే.

1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం ఆ నేల మీదే విడిది చేసిందట. కోట లొంగాక అది ఫతే మైదాన్, అంటే విజయ మైదానం అయిందని చెబుతారు. ఓడినవాళ్ల ఊళ్లో గెలిచినవాళ్ల గుర్తన్నమాట. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడేవారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. అయినా అక్కడి క్లబ్బు నేటికీ ఫతే మైదాన్ క్లబ్బే. పుట్టింటి పేరు అంత తేలిగ్గా పోతుందా?

పేరు పెట్టేవాళ్లకి ఆట గుర్తుండదేమో అనిపిస్తుంది నాకు. హైదరాబాద్ అంటే ఒకప్పుడు ఫుట్‌బాల్. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే మన దేశం 1951, 1962 ఏషియాడ్లలో బంగారు పతకాలు తెచ్చుకుంది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇటు లాల్ బహదూర్ స్టేడియానికీ, అటు 2019 నుంచి ఐ.ఎస్.ఎల్. మ్యాచ్‌లు జరిగిన గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికీ ఆయన పేరు లేదు. నాయకుల మీద నాకు కోపమేమీ లేదు కానీ, ఆడినవాళ్లూ ఆడించినవాళ్లూ ఏమైనట్టు?

ఇక ఆడవాళ్ల మాట. 1978 జనవరిలో మహిళల క్రికెట్ ప్రపంచ కప్పు ఎవరిదో తేల్చిన మ్యాచ్ ఈ లాల్ బహదూర్ స్టేడియంలోనే జరిగింది. ఇంగ్లండ్‌ని ఓడించి ఆస్ట్రేలియా అమ్మాయిలు కప్పు పట్టుకుపోయారు. మనలో ఎంతమందికి తెలుసు?

మన హనుమకొండ సంగతి చూద్దాం. ఇక్కడి స్టేడియానికి నెహ్రూ గారి పేరు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా కాస్తా హనుమకొండ జిల్లా అయింది. బోర్డులు, రబ్బరు స్టాంపులు మార్చుకునే హడావిడి ఇంకా తీరకుండానే, సెప్టెంబరులో ఆ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 1500 మీటర్ల పరుగులో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో వచ్చి, 2002 నుంచీ సునీతారాణి పేరున ఉన్న జాతీయ రికార్డుని దాటేసింది. మూడేళ్లు తిరిగేసరికి, 2024లో, మన కల్లెడ పిల్ల జీవంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది.

ఒక గ్యాలరీకైనా ఇలాంటి అమ్మాయి పేరు పెడితే ఖర్చెంత? రంగు డబ్బా ఖరీదే కదా! అయితే దానికన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. చీకటి పడ్డాక లైట్లు వెలుగుతున్నాయా, ఆడపిల్లలు బట్టలు మార్చుకోడానికి గది ఉందా, దానికి లోపలి గడియ పడుతుందా? ఈసారి మీ ఊరి స్టేడియం మీదుగా వెళ్లినప్పుడు ఒక్కసారి లోపలికెళ్లి చూసి రండి. పక్కన మీ పాపని కూడా తీసుకెళ్లండి.