మన అక్షరాలకు మనమే అద్దె కట్టాలా?

నెల రోజులుగా ఇక్కడ ఏమీ రాయలేదు. కార్తీకమాసం పనులు, మోకాళ్ళ నొప్పులు, వాటికి తోడు మా గుడి కమిటీతో ఒక తగాదా. ఆ తగాదా గురించే ఈసారి రాస్తున్నాను. నేను సికింద్రాబాద్‌లో కాన్వెంటు చదువు చదివినదాన్ని, బడిలో తెలుగు మాట్లాడితే ఫైను కట్టి పెరిగినదాన్ని. యాభై ఎనిమిదో ఏట అ ఆలు దిద్దుకున్నాను. కాబట్టి ఎప్పటిలాగే భాషలో తప్పులు పట్టండి, దిద్దుకుంటాను. వాదంలో మాత్రం ఈసారి అంత తేలిగ్గా దొరకను.

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా గుడికి గోపురం లేదు. ఆదివారాలు హాలు అద్దెకు తీసుకుని, అట్టపెట్టెల్లోంచి దేవుళ్ళను బయటికి తీసి, సాయంత్రం మళ్ళీ జాగ్రత్తగా సర్దేస్తాం. మాకున్న స్థిరాస్తి అల్లా రెండు పెద్ద గుండిగలు, ఒక హార్మోనియం, ఎవరో భక్తులు ఇచ్చిన పాత ఆపిల్ కంప్యూటర్. ఆ కంప్యూటర్‌లో ఒక వర్చువల్ మెషీన్ ఉంది. తెలియని వాళ్ళకు చెప్తాను: సొంత ఇంట్లో ఒక పోర్షన్ విడిగా కట్టి అద్దెకిచ్చినట్టు, ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉంటుంది. లోపల ఉన్నదానికి తాను అద్దెకున్నానని తెలియదు, ఇల్లంతా తనదే అనుకుంటుంది. మా పోర్షన్‌లో ఉండేది విండోస్ ఎక్స్‌పీ. దాంట్లో పేజ్‌మేకర్, ఒకప్పుడు తెలుగునాట ప్రెస్సుల్లో వాడిన రకం తెలుగు ఖతులు. వాటితో కట్టిన మా పూజా పుస్తకం, నూట నలభై పుటలు.

ఆ పుస్తకం మా మాస్టారు టైపు చేశారు. ఇక్కడికి కొడుకు దగ్గరికి వచ్చి ఉండిపోయిన పెద్దాయన. 2009 నుంచి ఆరు చలికాలాలు కూర్చుని వినాయక వ్రతకల్పం, సత్యనారాయణ వ్రతం, విష్ణు సహస్రనామం అన్నీ ఒక్క వేలితో కొట్టారు. ఆయన పోయి రెండేళ్ళయింది.

దీపావళికి ముందు ఎవరో పుణ్యాత్ములు ఆ ఆపిల్‌లో అప్‌డేట్ నొక్కారు. తెల్లారేసరికి పోర్షన్ తలుపు తెరుచుకోలేదు. ‘ఈ వెర్షన్ ఇక పనిచేయదు, కొత్తది కొనండి’ అని ఒక డబ్బా వచ్చింది. ఏడాదికి వంద యూరోల పైచిలుకు. కంపెనీ పేరు చెప్పను, దానితో నాకు పని లేదు. నా పోట్లాట మా వాళ్ళతోనే.

“ఆంటీ, వంద యూరోలకు ఇంత గొడవా? దీపావళికి లడ్డూలకే అంతకు రెట్టింపు అయింది” అన్నాడు మా కోశాధికారి. మంచి కుర్రాడు, కానీ అతనికి ప్రతిదీ లడ్డూల్లో లెక్క వస్తుంది. లడ్డూ తింటాం నాయనా, ఇది తినం. పాత లెక్కల పుస్తకం తీసి చూపించాను: ఇదే సాఫ్ట్‌వేర్‌కు ఇప్పటికి మూడుసార్లు డబ్బు కట్టాం. మూడుసార్లూ మా వైపు కొత్తగా ఏమీ రాలేదు. గ్రాఫిక్స్ మెరుగయ్యాయట, కొత్త విండోస్‌లు నడుస్తాయట. మన పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001 నాటిది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు ఆపేసింది 2014 ఏప్రిల్ 8న. వీటికి గ్రాఫిక్స్ మెరుగైతే ఎంత, మాసిపోతే ఎంత? నిన్న తెరుచుకున్న తలుపు ఇవాళ కూడా తెరుచుకోవడానికి మాత్రమే కడుతున్నాం. (‘అప్‌గ్రేడ్’కి నిఘంటువులో ‘ఉన్నతీకరణ’ అని ఉంది. ఇందులో ఉన్నతం ఏముందో నాకు కనబడలేదు గనక అప్‌గ్రేడ్ అనే రాస్తాను.)

కొనేవాళ్ళందరూ తెలివితక్కువ వాళ్ళని అనడం లేదు. మా చెల్లెలి కొడుకు టెస్టింగ్ పని చేస్తాడు. రోజుకు నాలుగు రకాల విండోస్‌లు తెరిచి మూయాలి. వాడు కళ్ళు మూసుకుని కడతాడు, కట్టాలి కూడా. విండోస్‌లో తప్ప నడవని అకౌంట్స్ ప్యాకేజీ మీద బతికేవాళ్ళూ అంతే. ఆ పోర్షన్‌లో రోజూ కూర్చుని నాలుగు రాళ్ళు సంపాదించుకునే వాళ్ళకు అద్దె భారం కాదు. మేమేమో ఏడాదికి రెండుసార్లు, పుస్తకంలో గోత్రనామాలు మార్చుకోవడానికి తెరుస్తాం.

“అయితే కొత్త మ్యాక్ కొనేద్దాం, అందులో పెట్టుకుందాం, ఇక గొడవే ఉండదు” అన్నారు ఇంకొకరు. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకంటే ఎవరూ విచారించకుండా అంటున్న మాట ఇది. ఆపిల్ 2020 నవంబర్‌లో తన సొంత చిప్ ఎం1తో మ్యాక్‌లు తెచ్చింది. పాతవి ఇంటెల్‌వి. ఈ రెండు చిప్‌ల భాష వేరు. వర్చువల్ మెషీన్‌కు వేగం ఎందుకు వస్తుందంటే, లోపలివాడి మాటలను నేరుగా అసలు చిప్‌కే వినిపిస్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు. అంటే ఇంటివాళ్ళ భాష, అద్దెకున్నవాళ్ళ భాష ఒకటే అయి ఉండాలి. మన ఎక్స్‌పీకి ఇంటెల్ భాష తప్ప రాదు. కొత్త మ్యాక్‌లో దాన్ని లేపాలంటే మధ్యలో దుబాసీ కావాలి, దాన్నే ఎమ్యులేషన్ అంటారు. యూటీఎం అనే ప్రోగ్రాం క్యూఈఎంయూ సాయంతో ఆ పని చేస్తుంది, ఉచితంగానే. నెమ్మదిగా చేస్తుంది, దుబాసీ కదా. ఎక్స్‌పీ వదిలేసి ఆర్మ్ చిప్ కోసం చేసిన విండోస్ 11 పెట్టుకుందామంటే, దాంట్లో పాత ప్రోగ్రాములకు ఒక దుబాసీ ఉంది గానీ పాత డ్రైవర్లకు లేదు. యూఎస్‌బీ లాకు గుచ్చితే తప్ప తెరుచుకోని పాత ప్యాకేజీలు అక్కడే ఆగిపోతాయి. మాది అలాంటిదే. పైగా ఆ విండోస్‌కు లైసెన్స్ వేరే కొనాలి.

పోనీ ఉన్న ఇంటెల్ మ్యాక్‌నే నమ్ముకుందామంటే, మ్యాక్‌ఓఎస్ టాహో ఇంటెల్‌కు ఆఖరిదని ఆపిల్ 2025 జూన్‌లో చెప్పేసింది. కూల్చేస్తామని నోటీసు అంటించిన ఇంటికి సున్నం వేయించే పని ఇది.

ఉచితమైనవి లేవా అంటే ఉన్నాయి. వీఎంవేర్ ఫ్యూజన్, వర్క్‌స్టేషన్ రెండూ 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితం, వ్యాపారానికి కూడా. అయితే అదే వీఎంవేర్‌ను 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి అందర్నీ చందాల్లోకి మార్చింది. సర్వర్ల కోసం ఉచితంగా ఇచ్చే ఈఎస్‌ఎక్స్‌ఐని 2024లో తీసేసి, 2025లో మళ్ళీ ఇచ్చింది. ఒక చేత్తో ఇచ్చినవాళ్ళు రెండో చేత్తో తీసుకోరని నేను పూచీ పడను. వర్చువల్‌బాక్స్ మూలం జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది, దాని మీద నాకు కాస్త ధైర్యం ఎక్కువ. కానీ దాని ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్స్ వేరు, సంస్థలకు చిక్కులుంటాయి, చదివి పెట్టుకోండి.

ఇదంతా తలుపు గురించి. అసలు లోపల ఏముంది అని ఎవరూ అడగలేదు. నేను అడిగాను.

కిందటేడు లైబ్రరీలో కూర్చుని మాస్టారి ఫైల్‌లోంచి ఒక పుట కాపీ చేసి నాకు నేనే మెయిల్ చేసుకున్నాను. ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు. నాకు చదవడం రాక అనుకున్నాను మొదట, చదువు నాలాగా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకు ఆ అనుమానం ఎప్పుడూ పోదు. తరవాత తెలిసింది. ఆ పాత ఖతుల్లో తెలుగు అనేది లేదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన తలకట్లూ కొమ్ములూ ఒత్తులూ ముక్కలుగా కూర్చోబెట్టి, పక్కపక్కన పేర్చి తెలుగులా చూపిస్తారు. ఖతి తీసేస్తే బొమ్మ కూలిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు. ‘క’కి 3093, పొల్లుకి 3149, ‘ష’కి 3127. ఆ వరుసలో మూడూ వస్తే ఏ ఫోన్ అయినా ‘క్ష’ అని చూపిస్తుంది, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో అయినా బందరులో అయినా. తెలుగుకి ఈ గదులు 1991 నుంచీ ఉన్నాయి. ఇంకో తమాషా ఏమిటంటే ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఖతి వచ్చింది. అంటే మనం అద్దె కట్టిన పోర్షన్‌లోనే ఇన్నేళ్ళూ గౌతమి మూల కూర్చుని ఉంది.

మాస్టారిని అనడం లేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు, అప్పట్లో ప్రెస్సుకు పంపాలంటే ఆ దారే. ఇవాళ ఆ సాకు లేదు. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఖతులు గూగుల్‌లో ఊరికే దొరుకుతాయి, లిబ్రేఆఫీస్‌లో పుస్తకం కట్టుకోవచ్చు.

“సహస్రనామం ఇంటర్‌నెట్‌లో బోలెడుంది, డౌన్‌లోడ్ చేసి అతికించేస్తే పోలా?” అని కూడా అన్నారు. సహస్రనామం ఉంది. మాస్టారు పుట అడుగున చిన్న అక్షరాల్లో రాసిన వివరణలు ఎక్కడున్నాయి? ఈ పేరును మా అమ్మమ్మ ఇలా పలికేది, ఈ మాటకు మన పల్లెల్లో ఈ అర్థం కూడా ఉంది అని ఆయన రాసుకున్నవి? నేను తెలుగు చదవడం నేర్చుకున్నది ఆ చిన్న అక్షరాల మీద. పెద్ద అక్షరాలు సంస్కృతం, నోటికి తిరగలేదు. కింద ఉన్నవి తెలుగు, అవి నాతో మాట్లాడినట్టు ఉండేవి. ఆ వివరణలు ఈ ప్రపంచంలో రెండు చోట్ల ఉన్నాయి: మిగిలిన కొన్ని అచ్చు ప్రతుల్లో, ఆ తెరుచుకోని ఫైల్‌లో.

అన్నమయ్య పాటలు తిరుమలలో రాగిరేకుల మీద చెక్కించారు. వందల ఏళ్ళు రాగి చెక్కుచెదరలేదు. అయినా వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు కూర్చుని చదివి, పరిష్కరించి, అచ్చు వేయించాకే ఇళ్ళల్లోకి వచ్చాయి. మన కమిటీ ఆ రోజుల్లో ఉండి ఉంటే, గదికి కొత్త తాళం కొని ఊరుకునేది.

వాళ్ళ వాదనలో ఒక్కటి మాత్రం బరువైనది, దాన్ని దాటవేయను. మార్చేటప్పుడు మంత్రం తప్పు పోతే? పోతుంది. పాత ఖతుల నుంచి యూనికోడ్‌లోకి మార్చే పరికరాలున్నాయి, మా పిల్లవాడు ఒకటి తెచ్చాడు. మొదటి పది పుటల్లోనే నలభై తప్పులు పట్టాను. పాత ఖతిలో ‘ధ’ కింది గీత విడి ముక్క, అది జారితే ‘ద’ మిగులుతుంది. ధాత కాస్తా దాత అయ్యాడు. మా కోశాధికారికి దాతలంటేనే ఇష్టం, అయినా దేవుడి పేరు దేవుడిదే. ఫలం పలం అయింది. ఇవి యంత్రానికి తెలియవు, ఆ పలుకు విని పెరిగిన చెవికి తెలుస్తాయి.

సరే, ఆ చెవులు మనకు లేవా? ప్రతి శనివారం పారాయణానికి పదిమంది కూర్చుంటున్నారు. నోటికొచ్చినవాళ్ళు నలుగురున్నారు. పాత అచ్చు ప్రతి ఒకరి చేతిలో, కొత్త ప్రతి ఇంకొకరి చేతిలో పెట్టి, అదే పారాయణం చేస్తే అదే ప్రూఫ్ దిద్దడం. వంద యూరోలు ఈ పని చేయవు. చేయకుండా ఉండటానికి మనకు సాకుగా మాత్రం పనికొస్తాయి.

ఇది ఎవరికోసం అంటారా. శుక్లాల ఆపరేషన్ అయిన మా పిన్నిగారు ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకుంటే, స్కాన్ చేసిన పుటలో సగం పంక్తి తెర బయటికి పోతోంది. అసలైన తెలుగు అక్షరమైతే పెద్దదైనా కిందికి సర్దుకుంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలు చదవలేకపోతే ఫోన్ చదివి వినిపిస్తుంది. బొమ్మను ఫోన్ ఏమని చదువుతుంది?

కిందటి వారం కమిటీకి చెప్పకుండా (ఇప్పుడు చెప్తున్నాను) ఆ కుర్రవాణ్ణి బతిమాలి పాత డిస్కును వేరే రూపంలోకి మార్పించి, ఉచిత ప్రోగ్రాంలో తెరిపించాను. ఒక సాయంత్రం పట్టింది, నాలుగు టీలు, ఒక గిన్నెడు ఉప్మా. ముందు నెట్ తీసేయించాను, పదేళ్ళకు పైగా మరమ్మతు లేని ఎక్స్‌పీని నెట్‌లో పెట్టకూడదు. లాకు గుచ్చితే తెరుచుకుంది. పుటలన్నీ పీడీఎఫ్‌గా ఒకసారి, పాఠంగా ఒకసారి తీసి మూడు చోట్ల దాచాం. ఇక అది మళ్ళీ తెరుచుకోకపోయినా నేను ఏడవను.

ఆదివారం కమిటీలో అప్‌గ్రేడ్ మీద చేతులెత్తిస్తారట. నా చెయ్యి లేవదు.

ముప్పై నాలుగు పుటలు దిద్దడం అయింది. ముప్పై అయిదో పుట అడుగున మాస్టారి వివరణలో ఒక మాట మారలేదు, మా అచ్చు ప్రతిలో సరిగ్గా అక్కడే దీపం నూనె మరక ఉంది. 2015 నాటి ఆ ఎర్ర అట్ట పుస్తకం ఎవరి ఇంట్లో అయినా ఉంటే ఆ పుట ఫొటో తీసి పంపండి. శనివారం సాయంత్రం అయిదింటికి కూర్చుంటాం, కళ్ళజోళ్ళు తెచ్చుకోండి.