ల్యాప్‌టాప్ వెనకాల నేను

మొన్న దీపావళికి మా ఊరి తెలుగువాళ్ళం కలిసినప్పుడు మళ్ళీ ఆ ఆట ప్రసక్తి వచ్చింది. "పెళ్ళిని కూడా వీడియో గేమ్ చేసి పారేశారండీ ఈ దేశంవాళ్ళు! ఒకటి నొక్కితే అమ్మాయి నవ్వుతుందిట, ఇంకోటి నొక్కితే అలుగుతుందిట" అన్నారు ఒక పెద్దాయన. పులిహోర ప్లేట్లు పట్టుకున్నవాళ్ళందరూ తలలూపారు. నేను ఊపలేదు. అక్కడ నోరు పెగలక, ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆట పేరు 'ఫైవ్ డేట్స్'. పాల్ రషీద్ దర్శకుడు, వేల్స్ ఇంటరాక్టివ్ వాళ్ళు 2020 నవంబరులో విడుదల చేశారు. అప్పటికి ఇంగ్లండులో రెండో లాక్‌డౌన్ నడుస్తోంది. ఇందులో గీసిన బొమ్మలుండవు, అందరూ నిజం నటులే. 'డాక్టర్ హూ'లో వేసిన మన్‌దీప్ గిల్ కూడా ఉంది. ఎవరిళ్ళలో వాళ్ళుండి షూటింగ్ చేసుకున్నారు. విన్నీ అనే లండన్ కుర్రాడు లాక్‌డౌన్లో మొదటిసారి డేటింగ్ యాప్‌లో చేరతాడు. అయిదుగురమ్మాయిల్లోంచి కొందరిని ఎంచుకుని వీడియోలో మాట్లాడతాడు. వడపోత సాగిసాగి, అదృష్టం బాగుంటే ఒకరు మిగులుతారు. అతని ఉద్యోగం, రాశి కూడా మనమే పెట్టాలి. (రాశి! ఆ ఒక్కదానికైనా మనవాళ్ళు సంతోషించాలి.) మాటల మధ్యలో తెర కింద జవాబులు కనిపిస్తాయి, గబగబా ఒకటి నొక్కాలి. దాన్నిబట్టి ఆమెకి ఇతనిమీద ఇష్టం పెరిగిందో తగ్గిందో ఆట లెక్క కడుతుంది.

ఇందులో వింతేముంది? ఆ ఏడాది జూన్ 1 నుంచి ఇంగ్లండులో వేర్వేరు ఇళ్ళవాళ్ళు ఇద్దరు ఒక ఇంట్లో కలుసుకోవడమే చట్టవిరుద్ధం. ప్రేమించినా, పోట్లాడినా తెరమీదే. ఉన్నదాన్నే వాళ్ళు ఆటగా తీశారు.

నాకూ ఆ ఆటతో పేచీ లేకపోలేదు. విన్నీ ఎంచుకోని అమ్మాయిలు ఏమైపోయారని ఎవరూ అడగరు. వాళ్ళూ గదుల్లో ఒంటరిగానే ఉంటారు కదా. మనసుకి మార్కులు వెయ్యడం కూడా నాకు నచ్చదు. అయితే ఆ పెద్దాయన కోపం వీటిమీద కాదు. మనం పవిత్రంగా చేసుకునేదాన్ని వాళ్ళు బటన్ల పాలు చేశారని.

మనం ఎంత పవిత్రంగా చేసుకుంటామో చెప్తాను.

అప్పటికి మావాడికి ఇరవై ఎనిమిది. మొదటి లాక్‌డౌన్ నుంచీ ఇంట్లోనే, చిన్నప్పటి గదిలోంచే ఆఫీసు పని. వాడే ఆ ఆట కొని హాల్లో టీవీమీద పెట్టాడు. నేను బట్టలు మడతపెడుతూ పక్కన చేరాను. "అది కాదురా, ఇది నొక్కు. ఉద్యోగం గురించి అడుగు. అంత చొరవ వద్దు" అంటూ రెండు సాయంత్రాలు నేనే ఆడించాను. దాచడమెందుకు, భలే సరదా వేసింది.

2021 జనవరిలో మూడో లాక్‌డౌన్. అంతకుముందే కొత్త రకం వైరస్ భయంతో ఇండియా ఇక్కడి విమానాలు ఆపి, తర్వాత కొద్దికొద్దిగా వదులుతోంది. గుంటూరు సంబంధం, అమ్మాయి చాలా బాగుంది, ఆగడమెందుకని జూమ్‌లోనే పెళ్ళిచూపులు పెట్టుకున్నాం. ముందు పెద్దవాళ్ళం పలకరించుకున్నాం, తర్వాత పిల్లలిద్దరినీ మాట్లాడుకోమని వదిలాం. వదిలాం అంటే, అటు సంగతి నాకు తెలీదు, ఇటు నేను మాత్రం ల్యాప్‌టాప్ వెనకాల మోకాళ్ళమీద కూర్చున్నాను. చేతిలో సీరియల్ డబ్బా అట్టముక్కలు, లావు మార్కరు. వంట సంగతి వస్తే "నేర్చుకుంటున్నాను". తిరిగొచ్చేస్తావా అంటే "ఆలోచిస్తున్నాను". అన్నీ ముందే రాసి వరస పెట్టుకున్నాను.

ఆ పిల్ల అవేవీ అడగలేదు. "లాక్‌డౌన్లో మీకు బాగా భయం వేసిన రోజేది?" అంది.

2020 ఏప్రిల్లో మావారిని అంబులెన్సులో తీసికెళ్ళారు. మమ్మల్ని రానివ్వలేదు. మావాడు గేటు దగ్గర చెప్పుల్లేకుండా నిలబడిపోయాడు. పదకొండు రోజులకి ఆయన తిరిగొచ్చారు. వాడు అది చెప్పబోతున్నాడని మొహం చూస్తేనే తెలిసింది. మామగారి ఊపిరితిత్తుల కథ మొదటిరోజే ఎందుకని నాకు కంగారు. అట్టముక్కమీద గబగబా రాసి ఎత్తాను: "భయం లేదు. పని ఎక్కువ."

వాడు చదివాడు. "భయమేం లేదండీ, పనితోనే సరిపోయింది."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. "మీ ఎదురుగా ఎవరో ఉన్నట్టున్నారు. వాళ్ళనీ రమ్మనండి, నమస్కారం చెప్తాను" అంది, ఎంతో మర్యాదగా. అట్టముక్క చేత్తో పట్టుకునే నేను తెర ముందుకొచ్చాను.

వాళ్ళనుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. మావాడు ల్యాప్‌టాప్ మూస్తూ, "ఆ ఆటలో కూడా నువ్వు నొక్కమన్నవన్నీ తప్పేనమ్మా" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఆట ఆడిందెవరు? విన్నీ చేత ఎన్ని పిచ్చి జవాబులు చెప్పించినా ఎవరి బతుకూ చెడదు, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. మనం మార్కర్లు పట్టుకున్నది ప్రాణమున్న పిల్లల వెనకాల. ఇది జూమ్‌తో వచ్చిన జబ్బు కూడా కాదు. 1989లో నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు, తలుపు చాటునుంచి మా పెద్దమ్మ "సంగీతం వచ్చని చెప్పవే" అని గిల్లింది. వచ్చన్నాను. మావారికి ఆ బాకీ ఇప్పటికీ తీరలేదు. ఇక, మన బయోడేటాల్లో అయిదడుగుల ఆరంగుళాలు ఎనిమిది కావడం, వీసా పేరు మనిషి పేరు కన్నా పైకెక్కడం ఎవరికి తెలీదు? తన మేనల్లుడి బయోడేటాలో మొదటి పెళ్ళి సంగతి మాయం చేసి పంపినప్పుడు ఆ పెద్దాయనకి పెళ్ళి ఆటగా అనిపించలేదు కాబోలు.

అదే దర్శకుడు 2023లో 'టెన్ డేట్స్' అని ఇంకోటి తీశాడు, అందులో మనుషులు ఎదురెదురుగానే కూర్చుంటారు. అది కొనమని నేను అడగలేదు. మావాడు ఇప్పుడు లీడ్స్‌లో ఉంటున్నాడు. వచ్చే శనివారం ఎవరినో భోజనానికి తీసుకొస్తానన్నాడు. ఎవరని అడిగితే "వచ్చాక తనే చెప్తుంది" అన్నాడు.

గుంటూరమ్మాయి అడిగిన ప్రశ్న నేను వాణ్ణి ఇంతవరకూ అడగలేదు. అంబులెన్సు వచ్చిన రోజే అయివుంటుందని నా ఊహ.