మలుపులో బండి యెంత వాలవచ్చును?



శ్రీశైల యాత్ర యనగానే మన పెద్దలకు నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనుల మీదుగా కాలినడకను సాగు నల్లమల దారి స్మరణకు వచ్చును. శివరాత్రికి ఆ దారిని నడచు భక్తులు నేటికిని కలరు. అయినను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల కుటుంబములు నేడు ఆత్మకూరు, దోర్నాలల మీదుగా బస్సులలోను, కార్లలోను, స్కూటర్లమీదను పోవుచున్నవి. కళాశాలలో చదువు బిడ్డ బండి నేర్చిన కొన్ని వారములకే “అమ్మా, కొండకు నేనే నడుపుకొని పోయెదను” అని యడుగును. కొందఱు తల్లులు భయపడి బండినే ముట్టనీయరు. కొందఱు మురిసిపోయి తాళపుచెవి చేతి కిత్తురు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. విషయమును తెలిసికొనిన పిమ్మటనే వలదనుటయైనను, సరే యనుటయైనను చెల్లును.

దోర్నాల దాటినది మొదలు దారి యడవిలో మెలికలు తిరుగుచు పోవును. శ్రీశైలమునుండి ఆనకట్ట వైపునకు దిగు మార్గమున మలుపులు జడపిన్నువలె ముడుచుకొని యుండును. అట్టిచోట రెండు చక్రముల బండి పక్కకు వాలక తిరుగజాలదు. స్తంభము చుట్టును పరుగెత్తు పసిబిడ్డను చూడుడు. ఎవరును నేర్పకయే స్తంభమువైపునకు వాలి పరుగెత్తును. నిటారుగా నున్నచో వెలుపలికి తూలి పడును. బండి సంగతియు నిట్టిదే. కావున వాలుట చూచి తల్లులు బెదరనక్కఱలేదు. ఎంత వాలవలసి వచ్చుచున్నదనునదే విచారింపదగినది.

ఈ వాలు బండి బరువునుబట్టి కాక, వేగమునుబట్టియు, మలుపు ఇఱుకునుబట్టియు నేర్పడును. చిన్నబండికిని పెద్దబండికిని లెక్క యించుమించుగా నొక్కటియే. మలుపు వ్యాసార్ధము 10 మీటర్లనుకొందము. గంటకు 20 కిలోమీటర్ల వేగమున తిరిగిన బండి సుమారు 17 డిగ్రీలు వాలవలెను. 30 కిలోమీటర్లైన 35 డిగ్రీలు కావలెను. 40 కిలోమీటర్లైన 51 డిగ్రీలు! వేగము రెట్టింపైన, బండిని మలుపులోనికి లాగవలసిన బలము నాలుగు రెట్లగును. అందుచేతనే “కొంచెమే కదా హెచ్చించితిని” అను మాట ఘాటురోడ్డుపై పనికిరాదు.

మఱి హద్దెక్కడ? పొడి తారురోడ్డుపై మంచి టైరు 35 మొదలు 40 డిగ్రీల వఱకు నిలుపగలదని స్థూలముగా చెప్పవచ్చును. పందెపు బండ్లవారు 60 డిగ్రీలు దాటి వాలుట నిజమే కాని, ఆ టైర్లు వేఱు, ఆ బాట వేఱు. మన రోడ్డు వానకు తడిసినను, ఇసుకయో రాలుటాకులో పడియున్నను ఆ హద్దు మిగుల తగ్గిపోవును. చిన్నబండికి మఱియొక హద్దు కలదు. దాని నడిమి స్టాండో, కాలిపెట్టుడు కమ్మియో ముందుగా నేలను గీచికొనును. వెనుక మనిషియు, మూటలును ఎక్కినచో స్ప్రింగులు క్రుంగి ఆ గీచికొనుట మఱింత త్వరగా వచ్చును. గీచిన చప్పుడు వినబడినదన్న, వేగము మితిమీరినదని యెఱుంగవలెను.

టైరు పట్టు నెలజీతము వంటిది. మలుపునకు కొంత, బ్రేకుకు కొంత అదే జీతమునుండి పోవలెను. మలుపులో వాలియుండగా బ్రేకు గట్టిగా నొక్కిన రెంటికిని చాలక బండి జాఱును. కావున వేగమును మలుపునకు ముందే, బండి నిటారుగా నున్నప్పుడే తగ్గించుకొనవలెను. పిమ్మట చూపును మలుపు చివరకు సారించి, నిలుకడగా పోనిచ్చుట మేలు. కనబడునంత దూరములో నిలుపగలిగిన వేగమే తగిన వేగము. ఆ మలుపు వెనుక బస్సుండవచ్చును, కోతుల గుంపుండవచ్చును.

వెనుక కూర్చుండువారికిని పని కలదు. బండి వాలినప్పుడు భయముచే నెదురువైపునకు ఒఱగరాదు. నడుపువారితో కలసి కదలవలెను. చీరతో ఒకపక్కగా కూర్చుండు మనకు ఇది మఱింత కష్టము. ఘాటుపై ఇరువైపుల కాళ్లు వేసి కూర్చుండుటకు వీలైన దుస్తులే క్షేమకరము. చీరకొంగు చక్రములో చిక్కకుండ వెనుకచక్రమునకు కాపుండవలెనని 1989 నాటి మోటారు నిబంధనలే చెప్పుచున్నవి. అది యూడిన బండి నెక్కకుడు. హెల్మెటు వెనుకవారికిని విధియే.

చట్టము సంగతి. 1988 నాటి చట్టము ప్రకారము 16 ఏండ్ల బిడ్డకు 50 సి.సి.కి మించని బండికే లైసెన్సు. 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టి.వి.యస్. 50 అట్టివి. నేటి స్కూటర్లు సామాన్యముగా 110, 125 సి.సి.లవి, చూపునకు చిన్నవైనను వానికి 18 ఏండ్లు నిండవలెను. నేర్చుకొనువారి లైసెన్సు ఆఱు నెలలు చెల్లును. ఆ కాలమున ముందు వెనుకల తెల్లపలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరముండవలెను. నేర్పు లైసెన్సుదారుని తప్ప వేఱొకరిని వెనుక నెక్కించుకొనరాదు. తమ్మునో, తల్లినో ఎక్కించుకొని కొండకు పోవుట యీ దశలో నేరమగును.

కావున సోదరీమణులారా, బిడ్డకు వలదనకుడు; క్రమమును చూపుడు. మొదట ఊరి వెలుపలి మైదానమున 15, 20 కిలోమీటర్ల వేగమున వలయములు, ఎనిమిది అంకెలు త్రిప్పింపుడు. పిమ్మట పల్లెరోడ్డు, అటుపై చిన్న మలుపులు. పూర్తి లైసెన్సు వచ్చి, కొన్ని నెలల అనుభవము కలిగిన పిమ్మట పగటివేళ, పొడి దినమున, తోడుబండితో కొండకు పంపుడు. రాత్రి 9 గంటలకు అడవి గేట్లు మూయుదురు. వానికొఱకు తొందరపడి దిగుట ప్రాణాపాయకరము. ప్రొద్దుగలుగనే బయలుదేఱుట యుత్తమము.

ఆడుబిడ్డకు బండి వచ్చుట ఆస్తి వచ్చుట వంటిది. ఒకరి దయకై వేచియుండక చదువునకు, కొలువునకు, వైద్యునియొద్దకు పోగలదు. ఆ స్వాతంత్ర్యము మొదటి మలుపులోనే గాయపడకుండ కాచుట మన పని.