బండి చక్రాలు కోసిన రాయి

ఈ నెల మనం అమెరికా పడమటి భాగంలోని వయోమింగ్ రాష్ట్రంలో ప్రయాణం చేద్దాం. నేడు కార్లు పరుగెత్తే ఈ దారిలోనే 1840, 50 సంవత్సరాలలో ఎద్దుల బండ్లు నడిచాయి. మిస్సోరి నది నుండి ఆరెగాన్ వరకు సుమారు 2,000 మైళ్ళు. బండి నిండా పిండి బస్తాలు, సామానే. పెద్దలు, పిల్లలు చాలామంది ప్రక్కన నడిచారు. కలరా వచ్చి దారిలోనే పోయినవారిని దారి ప్రక్కనే పాతిపెట్టి ముందుకు సాగారు.

తూర్పున మొదట వచ్చేది ఫోర్ట్ లారమీ. 1834లో చర్మాల వర్తకానికి కట్టిన ఈ కోటను 1849లో సైన్యం కొన్నది. 1868లో ఇక్కడ సూ జాతివారితో ప్రభుత్వం ఒడంబడిక చేసి, బ్లాక్ హిల్స్ కొండలు వారివేనని వ్రాసి ఇచ్చింది. 1874లో ఆ కొండలలో బంగారం కనబడింది. 1877లో కొండలు పోయాయి. నష్టపరిహారం ఇవ్వాలని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, సూ ప్రజలు ఆ డబ్బు ముట్టుకోలేదు. వారికి కావలసింది భూమి. పొలం పోగొట్టుకున్న రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అక్కడికి కొద్ది దూరంలోనే గెర్న్సీ అనే చిన్న ఊరు. ఊరి దగ్గర ఇసుకరాతి మెట్టను బండి చక్రాలు కోసిన గాడి ఉంది. కొన్నిచోట్ల 5 అడుగుల లోతు! మన డొంకల్లో గాళ్ళు మట్టివి, ఏడాదికి పూడిపోతాయి. ఇది రాయి. ఈ దారిలో ఒక్కటే చూడగలిగితే నేను దీన్నే చూడమంటాను.

ఆపైన ఇండిపెండెన్స్ రాక్. జూలై 4 నాటికి ఇక్కడికి చేరితే మంచు పడకముందే కొండలు దాటవచ్చని వారి లెక్క. బండపై వేలాది పేర్లు చెక్కి ఉన్నాయి. చుట్టూ బూడిదరంగు సేజ్ పొదలు, ఆగని గాలి.

తరువాత సౌత్ పాస్. ఎత్తు 7,400 అడుగుల పైనే అయినా, పొలమంత చదును. ఉత్తరాన విండ్ రివర్ కొండల మీద మంచు కనబడకపోతే కనుమ దాటుతున్నట్టే తెలియదు. 1836లో నార్సిసా విట్‌మన్, ఎలైజా స్పాల్డింగ్ అనే మిషనరీల భార్యలు ఈ కనుమ దాటారు. దీన్ని దాటిన మొదటి తెల్లజాతి స్త్రీలు వారే. నార్సిసా భర్త మార్కస్ వైద్యుడు. 1847లో వారి మిషను చుట్టూ తట్టు వ్యాపించింది. వలస వచ్చినవారి పిల్లలు చాలామంది కోలుకున్నారు, కయూస్ జాతి పిల్లలు చనిపోయారు. వైద్యుడే చంపుతున్నాడని అనుమానం పుట్టింది. భార్యాభర్తలతో పాటు మరి 11 మందిని చంపారు. 1850లో అయిదుగురు కయూస్ పురుషులను ఉరితీశారు. ఈ కథలో ఒక ప్రక్క పిల్లల శవాలనే లెక్కించి, రెండవ ప్రక్క మరచినవారు మనలోనూ ఉన్నారు.

కనుమ దగ్గరే సౌత్ పాస్ సిటీ. 1867లో బంగారం కోసం లేచిన ఊరు, కొన్నేళ్ళకే ఖాళీ అయింది. 1869లో వయోమింగ్ స్త్రీలకు ఓటు ఇచ్చిన బిల్లును పెట్టినది ఈ ఊరి సారాకొట్టు యజమాని విలియం బ్రైట్. మరుసటి ఏడే ఎస్తేర్ మోరిస్ అనే గృహిణి ఇక్కడ న్యాయాధికారిణిగా కూర్చున్నది. ఆ పాత చెక్క ఇళ్ళు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వెళ్ళేవారు వేసవిలోనే వెళ్ళాలి. చలికాలంలో మంచు దారిని కప్పేస్తుంది.